నీళ్ళొదిలిన పేరు

సోమవారం. తూర్పుగాలి, పల్చని మబ్బు.

ఈ రోజు నాకు మంచె మొత్తం ముందు అక్షింతలు పడ్డాయి. నడిసముద్రంలో గుంజల మీద మేమంతా కాపురముండే మంచె ఇది. బియ్యం ఓడ వచ్చి దక్షిణపు నిచ్చెన దగ్గర ఆగి, కూతల మీద కూతలు పెట్టింది. దించుకోవడానికి మావాళ్ళు ఒక్కరు లేరు. అందరూ వలల మీద ఉన్నారు. ఓడ సరంగు విసురుగా పైకెక్కి వచ్చి, వస్తున్నామని ముందే ఉత్తరం పంపానని నా మొహం మీదే అన్నాడు.

“రానే నేదు బాబూ” అన్నాను.

“రాకేటి? మీ గూటిలో పడినట్టు నాకు కబురు కూడా తిరిగొచ్చింది.”

దానయ్య మావ మా మంచెకు పెద్ద. ఆయన మాట్లాడితే సముద్రం కూడా కాస్త తగ్గి వింటుందని మావాళ్ళ నమ్మకం. “టపా గదిలో కూకుని ఏటి సేస్తన్నావే దాలమ్మా? తొంగుంటన్నావా?” అన్నాడు, అందరూ వింటుండగా.

నేను పడుకునే మనిషినా! ఈ మంచె మీద అందరికీ కలిపి ఉత్తరాల పెట్టె ఒక్కటే. ఎవరి గొంతైనా మిషన్లే పలికేస్తుంటే గొంతులు నమ్మడం మానేశాం, ఇక మనుషులకు మిగిలింది ఉత్తరాలే. అవి స్తంభం మీది గూటికి వచ్చి పడతాయి, అక్కణ్ణుంచి నా మిషనులోకి దిగుతాయి. నేను పేరుపేరునా విడదీసి ఇల్లిల్లూ తిరిగి ఇస్తాను. ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం పోగొట్టిన పాపాన పోలేదు. టపా గదివాళ్ళు రోజువారీ పుస్తకం రాయాలని నియమం ఉంది. ఇన్నాళ్ళూ ‘గాలి బాగుంది, ఉత్తరాలు పంచాను’ అని గీకి పడేసేదాన్ని. ఇక నుంచి వివరంగా రాస్తాను. రేపు ఎవరైనా నన్ను వేలెత్తి చూపిస్తే నా దగ్గరా ఏదో ఒకటి ఉండాలి కదా.

సరంగు ఉత్తరం కోసం మొదట చెత్తబుట్ట చూశాను. అద్దంలా తుడిచినట్టుంది. తర్వాత పనికిరాని ఉత్తరాలు వేసే గది చూశాను. ‘మీ గొంతు మంచి ధరకు కొంటాం’ అనేవి బోలెడున్నాయి గానీ సరంగుది లేదు.

మధ్యాహ్నం ఇంకో వింత. ‘కొత్తవి’ అనే మాట పక్కన ఒకటి అంకె కనిపించింది. నొక్కేలోపు మాయమైంది. లోపల చూస్తే ఏమీ లేదు. నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్ళు మరి.

అది కూడా రాయాలి. మా తమ్ముడు పోలరాజు పోయి ఇంకా నెల తిరగలేదు. ఓడలకు దారి చూపడానికి నీళ్ళ మీద తేలే బోయాలు, వాటి మీది చిన్న గదులు బాగుచేయడం వాడి పని. వెళ్ళినవాడు రాలేదు. పడవ ఒక్కటే మూడో బోయా దగ్గర బోర్లా పడి దొరికింది. చుట్టుపక్కలంతా వెతికాక పెద్దదినం చేసి నీళ్ళొదిలేశాం. మా దగ్గర నీళ్ళొదలడమంటే పేరును వడపోతలో పెట్టడం కూడా. ఆ తర్వాత ఆ పేరుతో ఏ ఉత్తరం వచ్చినా, ఎవరి కంటా పడకుండా మిషనే వెనకాల నుంచి చెరిపేస్తుంది. పెట్టకపోతే మమ్మల్ని బతకనివ్వవు. ఒడ్డున దొంగ మిషన్లు ఉన్నాయి. పోయినవాళ్ళ పాత ఉత్తరాలు చదివి, అచ్చం వాళ్ళలాగే రాసి, ‘బతికే ఉన్నాను, పడవ పంపండి’ అని పిలుస్తాయి. వెళ్ళిన పడవ, దానిలోని బ్యాటరీలు, మనుషులు, ఏవీ తిరిగి రావు. చోడిపల్లి అన్నదమ్ములు అలాగే పోయారు.

మంగళవారం. గాలి నిలిచిపోయింది. ఉక్క.

పొద్దున్నే మిషనుతో కుస్తీ మొదలుపెట్టాను. మూసేటప్పుడల్లా చెత్తబుట్టను దానంతటదే ఖాళీ చేసుకునే అలవాటు దానికి ఉంది. ఆ అలవాటు మాన్పించాను. ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఈ మిషనులో ఉత్తరం చెరిపినంత మాత్రాన నిజంగా పోదు. కనపడకుండా అడుగున పడి ఉంటుంది. చోటు కలిసొస్తుందని మిషను అప్పుడప్పుడు అడుగంతా కుదించి ఊడ్చేస్తుంది, అప్పుడు పోతుంది. ఆ కుదింపు కూడా ఆపేశాను. ఇక ఎక్కడికి పోతాయో చూస్తాను అనుకుని కూర్చున్నాను.

మా మరదలు కొర్లమ్మ బ్యాటరీ మార్చుకోడానికి వచ్చింది. పోలరాజు భార్య. మనిషి సగమైపోయింది. ఒకప్పుడు ఇది నవ్వితే మూడు ఇళ్ళ అవతలికి వినపడేది.

“మళ్ళీ అయిపోనాదేటే?” అన్నాను.

“రేయీ పగలూ ఎలగాల కదా వదినా. మాసికం వరకూ ఆరకూడదంట.”

పూర్వం పోయినవాళ్ళ తల దగ్గర దీపం పెట్టేవారట. నూనె దొరకని ఈ చోట మేం వాళ్ళు వాడుకున్న తెరనే వెలిగించి ఉంచుతాం. అది ఆరితే పోయినవాడు చీకట్లో తడుముకుంటాడంటారు. పాపం, కొర్లమ్మ తన ఇంటి దీపాల వాటా కూడా దానికే పోస్తోంది. గంజి తాగి వెళ్ళమంటే, ఇంట్లో తెర ఒంటరిగా ఉందని పరుగెత్తింది.

మధ్యాహ్నం మళ్ళీ అదే అంకె. ఒకటి. రెప్పపాటులో లేదు. ఈసారి కళ్ళు కాదు, మిషనే. చెత్తబుట్ట చూస్తే ఖాళీ. ఒళ్ళు మండిపోయి తెర మీద ఒక్కటి చరిచాను. దానికేం నొప్పి, నా చెయ్యే వాచింది.

బుధవారం. తూర్పున నల్లగా ఉంది.

ఈ రోజు జరిగింది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

ఉత్తరాల అడుగును మామూలుగా ఎవరూ తెరవరు. తెరిస్తే అంకెలు, గుర్తులు, మధ్యలో మాటలు, అంతా గజిబిజి. చేపల బుట్టలో సూది వెతికినట్టే. అయినా తెరిచి కింది నుంచి పైకి చదువుకుంటూ వచ్చాను. నిన్న మధ్యాహ్నం వచ్చిన దాని తల భాగం దొరికింది. మొండెం లేదు. ఉత్తరం పూర్తిగా దిగేలోపే ఎవరో లాగేసుకున్నట్టు ఉంది.

పంపినవారు అన్న చోట పేరు ఉంది. పోలరాజు.

లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను. తలుపు వేశాను, ఊపిరాడక మళ్ళీ తీశాను. దొంగ ఉత్తరమే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. అందుకే కదా వడపోత. పని చేస్తోంది, చెరిపేస్తోంది, ఇందులో వింతేముంది? నా మిషనులోనూ వాడి పేరు పెట్టింది నేనే కదా.

కానీ ఒకటి మింగుడు పడలేదు. దొంగ ఉత్తరాలకు వేళాపాళా ఉండదు. ఇది రోజూ మధ్యాహ్నం, ఎండ నడినెత్తికొచ్చాకే వస్తోంది. బోయా గదుల్లో ఉత్తరాలు పంపే పెట్టె ఎండతోనే నడుస్తుంది. ఎండ బాగా పడితే గానీ దానికి ప్రాణం రాదు. ఈ మాట నాకు చెప్పింది పోలరాజే.

ఎవరికీ చెప్పలేదు. కొర్లమ్మకు అసలే చెప్పలేదు. లేని ఆశ పెట్టి చంపే పాపం నాకొద్దు. అన్నం సయించలేదు.

గురువారం. అల పెద్దదైంది. వాయుగుండం కబురు వచ్చింది.

ఈ రోజు నియమం తప్పాను. పొద్దున్నే వడపోత తెరిచి, పోలరాజు పేరు ముందున్న గుర్తు తీసేశాను. నీళ్ళొదిలిన పేరును ముట్టుకోకూడదు. ముట్టుకున్నాను. ఏం చేస్తారో చేసుకోనీ.

తెరిచినప్పుడు ఇంకో తప్పు కనిపించింది. ‘పంపినవారి పేరు’ అని పెట్టాల్సిన చోట ‘ఉత్తరంలో ఎక్కడున్నా’ అని పెట్టి ఉంది. సరంగు ఉత్తరం ఎందుకు పోయిందో అప్పుడు తెలిసింది. పోయిన నెల పోలరాజు రాసిన బోయాల కబురుకే ఆయన జవాబు రాసి ఉంటాడు. కింద వాడి పేరు ఉండేసరికి మిషను దాన్నీ మింగేసింది. నాకు పడిన అక్షింతల సంగతి తేలింది గానీ ఇప్పుడు దానితో నాకేం పని.

వడపోత తీసేశాను కదా, ఇక ఉత్తరం నిలవాలి. మధ్యాహ్నం దాకా కన్నార్పకుండా కూర్చున్నాను. అంకె వచ్చింది. ఒకటి. నొక్కాను. లేదు!

మిషనును ఆపి మళ్ళీ వెలిగించాను. వడపోత మళ్ళీ తెరిచి చూశాను, వాడి పేరు ముందు గుర్తు లేదు. వెలిగించేసరికి గూటిలోనూ ఏమీ లేదు. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను.

అదే సమయంలో దానయ్య మావ వచ్చాడు. తెర చూశాడు. తీసేసిన గుర్తు చూశాడు.

“ఏటే ఇది?”

దాచి లాభం లేదు. ఉన్నదంతా చెప్పాను. రోజూ వస్తోందని, మధ్యాహ్నమే వస్తోందని, వాడు ఏ బోయా గదిలోనో ఉండొచ్చని.

“దొంగముండా మిషన్లకి మద్యాన్నం తెలవదేటే? మన మనసులో ఏటుందో అదే రాస్తాయవి.”

“మరి నిజమైతేనో మావా? మూడో బోయా దాకానే కదా ఎతికినారు. నాలుగో దాని కాడికి, ఐదో దాని కాడికి ఎవులెల్లినారు?”

“నీటి వాలు అటు కాదు. ఎల్లక్కర్లేదు.” తలుపు వైపు తిరిగి అన్నాడు. “మా ఎర్రోడి పేరున కూడా వచ్చినాయి. మొదటిసారి ఈ వడపోత ఎట్టించింది నానే. ఒక్క ఉత్తరం సదివినానా? ఒక్కటి? నాకు కడుపు నేదేటి? పెద్దోణ్ణి నానే సదివితే మంచంతా సదువుద్ది, పడవలన్నీ పోతాయని పళ్ళు బిగించి ఊరుకున్నాను. నువ్వూ ఊరుకో.”

ఎర్రన్న ఆయనకు ఒక్కడే కొడుకు. తుపానులో పోయి నాలుగేళ్ళు. ఆయన నోట ఆ పేరు వినడం అప్పట్నుంచి ఇదే మొదలు. గుర్తు మళ్ళీ పెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు.

పెట్టలేదు.

శుక్రవారం. మబ్బు, మధ్యమధ్యలో ఎండ. గాలి పెరుగుతోంది.

నా వడపోత తీసేసినా ఉత్తరం పోతోందంటే, తీసేది నా మిషను కాదన్నమాట. ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు ఒక రాత్రి పట్టింది. పొద్దున్నే స్తంభం ఎక్కాను. ఈ వయసులో, ఆ గాలిలో, చీర కుచ్చెళ్ళు నడుముకు బిగించి. గూటి దగ్గర చిన్న తెర ఉంటుంది. ఏయే మిషన్లు గూటిలో చెయ్యి పెట్టి ఉన్నాయో చూపిస్తుంది. నాదొక్కటే ఉండాలి.

రెండున్నాయి.

రెండోది పోలరాజు ఇంటి మిషను. బోయాల కబుర్లు పంపడానికి వాడికి ఇచ్చింది. మిగతా అందరికీ నా గదిలోనే నీళ్ళొదులుతాం. వాడింట్లో మిషను ఉంది కాబట్టి, కర్మ ఇంటి దగ్గర కూడా జరగాలని దానయ్య మావ అక్కడా పేరు పెట్టించాడు. పెట్టాక మిషను ఆపేయాలి. కానీ అది దీపం. మాసికం వరకూ ఆరకూడని దీపం. తెర వెలుగుతున్నంతసేపూ దాని వెనకాల వడపోత నడుస్తూనే ఉంది. నా ముసలి మిషను కంటే అది చురుకు. ఉత్తరం పడీ పడగానే ముందు అదే అందుకుంటోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగకు రోజూ బ్యాటరీలు అందించింది నేను. నీళ్ళొదిలినవాడికి వెలుగు చూపాలని మా కొర్లమ్మ కూర్చుని కాపలా కాసింది.

కిందికి ఎలా దిగానో తెలీదు. వెంటనే కొర్లమ్మ దగ్గరికి పరుగెత్తాలనిపించింది. మళ్ళీ ఆగాను. ముందు ఉత్తరం నా కళ్ళతో చూడాలి. దొంగదైతే దాని గుండె మళ్ళీ పగలనివ్వను. గూటి నుంచి వాళ్ళింటికి వెళ్ళే తీగ నా గది పక్కనుంచే పోతుంది. గోడకున్న బిరడా పట్టి లాగేశాను. లాగి, తెర ముందు కూర్చున్నాను.

ఎండ రాదు. మబ్బు తొలగదు. మా అమ్మ మొక్కిన దేవతలందరికీ వరసగా మొక్కాను. ఎండ ఒక్క కాస్త పడింది. అంకె వచ్చింది.

నిలిచింది.

ఉత్తరం ఇదీ. వాడు నన్ను అక్క అనడు, అప్ప అనే పిలుస్తాడు:

‘అప్పా, ఇంకెన్ని రాయాల? ఒక్కదానికీ జవాబు నేదు. నామీద కోపమైతే కోపమే, ముందు పడవ పంపి తరవాత తిట్టు. ఐదో బోయా గదిలో ఉన్నాను. అల కొట్టి పడవ పోనాది, ఈదుకొచ్చినాను. కాలిరిగింది, వాసిపోనాది. గదిలో ఉన్న ఎండు సేపలతో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చినాను. వానకి పట్టిన నీళ్ళు అడుక్కొచ్చీసినాయి. గాలి సూస్తే బయమేస్తంది. మీరు సదువుతన్నారా, సదివీ ఊరుకుంటన్నారా? అది సెప్పండి సాలు.’

నోరు మూసుకుని ఏడ్చాను. పక్కనున్నవాళ్ళకు వినపడకూడదని. వాడు రోజూ రాశాడు. మేం రోజూ చెరిపాం. వాడి ఇంట్లో, వాడి దీపం ముందు.

ఉత్తరం కాగితం మీద రాసుకుని కొర్లమ్మ దగ్గరికి వెళ్ళాను. తెర ముందు చాప మీద కూర్చుని ఉంది. చదివి వినిపించాను. అది కదల్లేదు.

“దొంగది కాదని నీకెలా తెలుసు వదినా?”

“తెలవదే. అందుకే నీకాడికొచ్చినాను.”

లేచి తెర దగ్గరికి వెళ్ళింది. ఆర్పడానికి చెయ్యి పెట్టి ఆగింది. “ఇది ఆర్పీసి, అది దొంగదైతే... ఆయన సీకట్లో పడిపోతాడు కదా?” అంది. కాసేపటికి అదే ఆర్పేసింది.

ఇద్దరం దానయ్య మావ ఇంటికి వెళ్ళాం. ఆయన ఉత్తరం విన్నాడు. తలూపలేదు. చోడిపల్లివాళ్ళకు వచ్చిన దానిలో కూడా కాలే విరిగిందన్నాడు.

“ఓ పని సెయ్యి” అన్నాడు కొర్లమ్మతో. “ఏ ఉత్తరంలోనూ ఎవులూ రాయని సంగతొకటి అడుగు. సరిగ్గా సెప్తే పడవ ఇస్తాను. తప్పితే మళ్ళీ ఈ ఊసెత్తొద్దు.”

కొర్లమ్మ ఆలోచించింది. వెళ్ళే రోజు పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారట. ఎవరికీ చెప్పలేదట. దాని చేపల పులుసు నోట పెట్టుకుని, కుక్క కూడా ముట్టదన్నాడట. ఇది ఏడుస్తుంటే చూడకుండా వెళ్ళిపోయాడట. ఆ సంగతి మా ఇద్దరికీ చెప్పి, నా గదికి వచ్చి తనే కొట్టింది: ‘ఎల్లే పొద్దు నన్నేటని ఏడిపించి ఎల్లినావు?’

పంపాం. జవాబు రావాలంటే మళ్ళీ ఎండ రావాలి. బయట చూస్తే ఆకాశం బొగ్గు.

శనివారం. వాన జల్లు. గాలి గట్టిగా ఉంది.

పొద్దున్నుంచీ ముగ్గురం నా గదిలో ఉన్నాం. దానయ్య మావ స్టూలు మీద, కొర్లమ్మ కింద, నేను తెర ముందు. అక్కడ నీళ్ళు అయిపోయి ఉంటాయి. పెట్టెకు ఎండ తగలకపోతే? వాడికి జవాబు రాసే ఓపిక లేకపోతే? అసలు అక్కడ ఎవరూ లేకపోతే?

వాన కాసేపు తెరిపిచ్చింది. మసక ఎండ. అంకె వచ్చింది.

‘కొర్లీ, నానేటి ఏడిపించినాను? నానొక్క మాటన్నానా? నువ్వే పొద్దున్నే కుండలెత్తి కుదేసినావు, ఏటో పూనినట్టు. కాలిరిగి సస్తంటే పంచాయితీ ఎడతావేటి? మీయమ్మ బుద్ధే నీదీను. నీళ్ళు నేవు. పడవ పంపు.’

దానయ్య మావ లేచి నిలబడ్డాడు. “తప్పు. పులుసు ఊసే నేదు. ఏటీ అన్నేదంటన్నాడు. అయిపోనాది, ఎల్లండి” అన్నాడు.

కొర్లమ్మ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. అది ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది. మూడు ఇళ్ళ అవతలికి వినపడే నవ్వు. నవ్వుతూనే కళ్ళు కారిపోతున్నాయి.

“ఈడే! వదినా, ఈడే నా మొగుడు!” అంది. “మిషనైతే కాళ్ళట్టుకునీది మావా. తప్పైపోనాది కొర్లీ, నీ పులుసు అమృతం అనీది. ఒక్కనాడైనా నానన్నానని ఒప్పుకున్నాడా ఈడు? పెళ్ళైన కాణ్ణుంచీ సూడండి, అన్నదంతా అనీసి, నానేటన్నానంటాడు. మీయమ్మ బుద్ధంట! ఇంకెవులంటారు ఈ మాట?”

దానయ్య మావ నా వైపు చూశాడు. నేను తలూపాను. చిన్నప్పుడు నా జడ కత్తిరించి, కత్తెర చేతిలో పట్టుకునే ‘నేను కాదు’ అన్న వెధవ వాడు. నాకు ఇసుమంత అనుమానం లేకుండా పోయింది.

“గాలి సూసినారా?” అన్నాడు ఆయన.

“మీరివ్వకపోతే తెప్ప కట్టుకుని పోతాను” అంది కొర్లమ్మ.

ఆయన చాలాసేపు తెర మీది ఉత్తరం చూస్తూ ఉండిపోయాడు. ఏం చదువుతున్నాడో, ఎవరి మాటలు చదువుతున్నాడో నాకు తెలీదు. చివరికి తలపాగా బిగించాడు. “నా పడవ నాను తప్ప ఎవుడూ నడపడు. రా గుంటా” అని కొర్లమ్మను పిలిచాడు.

ఇద్దరూ నా కళ్ళ ముందే అలల్లోకి దిగారు. పడవ చుక్కై కనుమరుగయ్యే వరకూ చూశాను. ఆ తర్వాత తమ్ముడికి ఉత్తరం రాశాను. ‘వస్తన్నారు. సదివినాం. సచ్చిపోకు’ అని. అంతకంటే రాయడం చేతకాలేదు.

ఆదివారం. వాయుగుండం.

రాలేదు. రాయడానికి ఏమీ లేదు. మంచె ఊగుతోంది. గదిలో వస్తువులన్నీ కట్టేశాను. జనం వచ్చి నన్ను తిడుతున్నారు, పెద్దాయన్ని దొంగ ఉత్తరానికి బలిచ్చానని. ఏమనను? కాదని చెప్పడానికి నా దగ్గర ఒక పెళ్ళాం నవ్వు తప్ప ఇంకేమీ లేదు. వాళ్ళ పేర్లు కూడా వడపోతలో పెట్టాల్సి వస్తే నేను పెట్టను. నా పేరు పెట్టుకోమంటాను.

సోమవారం. గాలి తగ్గింది.

వచ్చారు!

గాలి తగ్గేదాకా బోయా గదిలోనే ఉండి, ముగ్గురూ వచ్చారు. పోలరాజును వలలో చుట్టి, పీతను లాగినట్టు నిచ్చెన మీదకు లాగారు. మనిషి ఎముకల గూడు. కాలు చూస్తే తల తిరిగింది. నన్ను చూడగానే వాడన్న మొదటి మాట, “సదివినారా, నేదా?”

“సదవనేదురా. దొరకనేదు” అన్నాను. వాణ్ణి పట్టుకుని బావురుమన్నాను. వాడికి అర్థం కాలేదు. తర్వాత చెప్తాను.

ఇంట్లో పడుకోబెట్టి గంజి పట్టగానే, “పులుసు నేదేటి?” అన్నాడు. కొర్లమ్మ గిన్నె నేలకేసి కొట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు.

మంగళవారం. తేటగా ఉంది.

తెల్లారేసరికి నా గుమ్మం ముందు జనం. బతికొచ్చినవాణ్ణి చూసి సంబరపడటానికి రాలేదు. ఒక్కొక్కరే లోపలికి వచ్చి, గొంతు తగ్గించి, ఒకటే మాట. మావాడు కూడా రాశాడా? మా పిల్ల రాసిందా? ఏ రోజు వచ్చింది, ఏమని వచ్చింది?

ఏం చెప్పను? చెరిపినవన్నీ ఎప్పుడో కుదింపులో ఊడ్చుకుపోయాయి. ఎన్ని వచ్చాయో లెక్క కట్టమని ఆ మిషనుకు ఎవరూ చెప్పలేదు. దొంగవి ఎన్నో, నిజమైనవి ఎన్నో, ఆ తేడా మిషనుకు తెలీదు, నాకూ తెలీదు. తెలీదని ఒక్కొక్కరికీ చెప్పాను. కొందరు నమ్మలేదు. చోడిపల్లి ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అందరూ వెళ్ళాక దానయ్య మావ వచ్చాడు. రెండు రోజుల ఉప్పుగాలికి ఆయన మొహం తోలు ఊడి ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పడవ సంగతి, బ్యాటరీల సంగతి మాట్లాడాడు. నేను ఊఁ కొడుతున్నాను. అసలు మాట కోసం ఎదురుచూస్తున్నాను.

“మా ఎర్రోడివి” అన్నాడు చివరికి. “ఎన్నొచ్చుంటాయే?”

“తెలవదు మావా.”

“ఐదో బోయా గదిలో గోడంతా సూసినాను. ఏటైనా గీసున్నాడేమోనని. ఆడు అటెల్లలేదులే. అటెల్లలేదు.” కాసేపు చేతులు చూసుకున్నాడు. “ఎల్లినా, ఇన్నాళ్ళుంటాడేటి?”

“దొంగవే అయ్యుంటాయి మావా. అన్నీ దొంగవే.”

“ఊఁ. నువ్వు మంచిదానివి” అన్నాడు. ఆ తర్వాత, “ఆడి పేరు తీసీ” అన్నాడు.

తీసేశాను. ఒక్క నొక్కు. తీయడానికి మంత్రం లేదు, తంతు లేదు. ఇంతవరకూ మా పోలరాజుకు తప్ప ఎవరికీ తీయలేదు మరి.

లేచి వెళ్తాడనుకున్నాను. స్టూలు తెర వైపు తిప్పుకున్నాడు. ‘కొత్తవి’ పక్కన ఏమీ లేదు.

“నాలుగేళ్ళైంది మావా” అన్నాను మెల్లగా. “దొంగదొస్తే?”

“రానీ. సదువుతాను” అన్నాడు. “నువ్వు నీ పని సూసుకో. మద్యాన్నం దాకా కూకుంటాను.”